పలుకు

ఔలు పట్టణంలో ఆ వారం సూర్యుడు
పదిన్నరకి వచ్చి రెండింటికే సంచీ సర్దుకునే గుమాస్తా.
మిగతా రోజంతా వీధి దీపాలదే పూచీ.

చేపలకి పొగపెట్టే దుకాణం మీద, మూడో అంతస్తులో
ఒక పొడవాటి బల్ల.
దాని మీద పంతొమ్మిది యంత్రాలు,
వరసలో కాదు, దేనికి చోటు దొరికితే అది.
పడవకి దారి చెప్పే ఉప్పు పట్టిన డబ్బా.
ఆసుపత్రి వాళ్లు అవతల పారేసిన పలక.
ఏ బడిపిల్లాడో మీట పీకేసిన లాప్‌టాప్,
ఆ ఒక్క అక్షరమూ రాయాలంటే
పెన్సిల్ మొనతో పొడవాలి.
అస్లక్ వాళ్ల నాన్న మంచులో పోగొట్టుకుని
వసంతంలో రెయిన్‌డీర్ల గిట్టల కింద దొరకబుచ్చుకున్న ఫోను.

ఇన్నాళ్లూ దేని దేవుడు దానికి, దేని చార్జరు దానికి.
ఒకటి రాసి పంపిన ముద్దుమాట
ఇంకోదానిలో ఖాళీ గళ్లై తేలేది.
ఇక అన్నిటికీ ఒకటే వ్యవస్థ,
అరచేతిలోనూ అదే, బల్ల మీదా అదే.
నాలుగేళ్లు రాశారు నలుగురూ.
అద్దె మాత్రం ఐదు నెలలుగా బాకీ.

దాని నడిగుండెని ఆ ఊరి భాషలో పిలిచే మాటకి
ఎముకలోని మూలుగ అని కూడా అర్థమట.
నన్నడిగితే పలుకు అంటాను.
పెంకు పగిలితే దొరికేది పలుకు,
పెదవి విడితే రాలేది పలుకు,
రెంటికీ ఒకే మాట ఉంచుకున్న వాళ్లం మనం.

అస్లక్ మీట నొక్కాడు.
ముందుగా పడవ డబ్బా పలికింది,
మీరిప్పుడు నడిసముద్రంలో ఉన్నారంది.
ఎవరూ కాదనలేదు.
పలక పలికింది. పెన్సిలు లాప్‌టాప్ పలికింది.
కళ్లు తెరిచిన ప్రతిదీ
ఇవాళ వెయ్యిన్నీ తొమ్మిదివందల డెబ్బై, జనవరి ఒకటి అంది.
వాటి లెక్క అక్కడ మొదలవుతుంది,
అంతకు ముందు లోకం ఉందంటే నమ్మవు.

పద్దెనిమిది.
పంతొమ్మిదోది పలకలేదు.

అది ఐలీ హియెతలది.
ఫోన్ల ఫ్యాక్టరీ మూతపడిన రోజు
గేటు కార్డూ, నీలం కోటూ, అల్మరా తాళమూ అప్పగించి
ఈ ఒక్కటీ ఇవ్వడం మర్చిపోయింది.
మర్చిపోయాననే చెబుతుంది.
దాని కడుపులో బిగించిన మరల్లో
కొన్ని ఆమె వేళ్లకి ఇప్పటికీ గుర్తు.

తొర్‌స్తి రాసినదంతా మళ్లీ పైనుంచి చదివాడు.
ఒక కామా తీశాడు. పెట్టాడు.
అస్లక్ తీగ మార్చాడు, తర్వాత కుర్చీ మార్చాడు.
మూడు గంటలు.
కిటికీ అంచున, ఇరవయ్యెనిమిది డిగ్రీల చలికి ఆనుకుని
ఆ ఫోను అలాగే, అలిగినట్టు.

ఐలీ లేచింది.
దాన్ని తీసి, స్వెట్టర్ కిందనుంచి చంకలో పెట్టుకుంది,
జ్వరం చూసుకునే పిల్లలా.
ఇంకో చేత్తో కాఫీ పోసుకుంది.
మగవాళ్లు ముగ్గురూ మర్యాదగా గోడని చూశారు,
గోడ మీద ఏమీ లేదు.

"చలికి మనిషే పలకడు" అంది.
ఆ రోజుకి ఆమె మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

రెండో కప్పు సగంలో ఉండగా ఉలిక్కిపడింది.
చంకలో ఏదో గుర్రుమంది.

తెర వెలిగింది, తలకిందులుగా.
స్వాగతం కాళ్లు పైకెత్తి నిలబడింది,
డెబ్బయ్యో ఏడు దాని నెత్తికింద,
నాలుగు సెకన్ల వయసు, ఐదు, ఆరు.

తొర్‌స్తి పుస్తకంలో రాసుకున్నాడు:
నాలుగువేల పన్నెండో తప్పు. బొమ్మ తిరగబడింది.
"ఫోను తిప్పి పట్టుకో" అన్నాడు అస్లక్.

ఐలీ తిప్పలేదు.
తానే మెడ వంచింది, చెవి భుజానికి తాకేదాకా,
అలా వంగే చదివింది.

"ఇప్పుడే బాగుచెయ్యకండి" అంది,
"ఈ కాఫీ అవనీ."