చిట్టెం

మిషను నాలుగున్నర కిలోలే.
ఆనపకాయ మోసుకొచ్చినట్టు
భుజానికి తగిలించుకుని దాసన్నపేట దాకా నడిచాను.
"కొత్త మిక్సీయేటమ్మా?" అడిగింది గోడవతలి నూకరత్నం.
"ఇనుము రుబ్బడానికి" అన్నాను.
నవ్వింది.
నేనూ నవ్వాను, లోపల గుబులుగానే.

ఇరవై ఎనిమిదేళ్ళు రిజిస్ట్రారాఫీసులో
ఊరి హద్దులు రాసిన చెయ్యి ఇది:
తూర్పున వీధి, పడమర ఫలానావారి ప్రహరీ.
అన్నదమ్ములు విడిపోయే కాగితాలు ఎన్నని!
రెండు ముక్కల్ని ఒకటి చేసే కాగితం
ఒక్కటైనా రాసిన గుర్తు లేదు.

అంబటిసత్రం దగ్గర గ్రిల్లుల షెడ్డు అసిరినాయుడిది.
నా నైలాను చీరని ఎగాదిగా చూశాడు.
"ముందల అది మానెయ్యాల.
నూలు గుడ్డలు, తోలు జోళ్ళు.
మిగతాది ఇనుమే సెప్తాది."

ఆర్టీసీలో చేసిన మా తమ్ముడి ఖాకీ చొక్కా,
మోచేతుల దాకా గ్లౌజులు,
నెత్తిన ముసుగు.
నూతి గట్టు పక్కన తడి లేకుండా తుడిచిన గచ్చు,
అందుబాటులో బకెట్టెడు ఇసక.

మొదటి రాడ్డు తగిలీ తగలగానే అతుక్కుంది,
బడి గుమ్మం దగ్గర అమ్మ కొంగు పట్టుకున్న గుంటలా.
ఎంత గుంజినా వదల్లేదు.
రెండోది పైపుకి చిల్లు పెట్టి అటువైపు పోయింది.
మూడోది వెలిగింది.

అద్దంలోంచి లోకమంతా
ఆకుపచ్చ చీకటి.
నడిమధ్య
బొట్టుబిళ్ళంత మడుగు,
వణుకుతూ, ప్రాణమున్నట్టు.
"ఓలమ్మా! మా లైటు కునుకుతంది!"
గోడ మీంచి నూకరత్నం.

ముసుగు దించకుండా చూశాను. ఒక్కసారే.
అంటుకుందో లేదోనని.
అర్ధరాత్రికి
చంపావతి ఇసకంతా నా రెప్పల కింద.
బంగాళాదుంప చెక్కలు పెట్టుకుని పడుకున్నాను.
ఎవరి కోసమూ కాని కన్నీళ్ళు
చెవుల్లోకి కారాయి.

తెల్లారి కళ్ళ డాక్టరు తిట్టి చుక్కల మందిచ్చాడు.
అసిరినాయుడు అంతకంటే తిట్టి
షెడ్డు బయట, నిప్పుకి వీపు పెట్టి కూర్చోమన్నాడు.
"రెండ్రోజులు సూడకు. ఇను."

విన్నాను.
సన్న సెగ మీద వడియాలు వేగుతున్న చప్పుడైతే
సరిగ్గా పోతోందని.
చిటపటలాడితే రాడ్డు దూరమైందని.
గొంతు పూడుకుపోతే మరీ దగ్గరైందని.

పదకొండో ఏట,
కోట పక్క సంగీత కళాశాలలో
వయొలిన్ మేష్టారు నా చేతిలోంచి కమాను తీసుకుని
పెట్టెలో పెట్టేశారు, కోపం లేకుండానే.
"నీకు శ్రుతి పట్టదమ్మా."
పట్టింది మేష్టారూ,
తొంభై ఆంపియర్ల దగ్గర.

కళ్ళు బాగుపడ్డాక స్టూలు మొదలెట్టాను.
తుక్కు కొట్లో తూకానికి కొన్న పైపులు,
పాత మంచం పట్టీ.
అతుకు చల్లారాక నల్లటి చిట్టెం.
సుత్తితో తడితే పెచ్చులూడి
కింద ఏముందో అప్పుడు తెలుస్తుంది.
అసిరినాయుడి అతుకు చేప పొలుసు వరస.
నాది
వానకి తడిసిన గొంగళిపురుగు.
కానీ కదల్లేదు. గోడకేసి కొట్టినా ఊడలేదు.

నిలబెడితే మాత్రం
టకటకా ఒక కాలు ఊగింది.
కరెంటు బిల్లు మడిచి దాని కింద పెట్టాను.
అటు తగ్గి ఇటు లేచింది.
కొయ్యాలా, మళ్ళీ పేనాలా అని
పొద్దుపోయేదాకా దాని చుట్టూ తిరిగాను.

నూకరత్నం చేటలో మెత్తళ్ళతో వచ్చింది,
లైటు గురించి దెబ్బలాడ్డానికే.
దెబ్బలాడుతూనే కాలితో స్టూల్ని
పావు వంతు పక్కకి తిప్పి
దాని మీద కూర్చుంది.

ఊగలేదు.

చేపల తలలు గిల్లుతూ
"మరి మా గేటు బందు ఇరిగిపోనాది,
ఎప్పుడు సూస్తావు?" అంది.