చోటు తప్పిన చోట్లు

పోర్టుకి ఖనిజం మోసే ఆఖరి గూడ్సు
మర్రిపాలెం దాటితే గానీ
మా మైక్రోస్కోపుకి వణుకు తగ్గదు.
అందుకే రాత్రి రెండు దాటాకే పని.
నేనూ, ఆపరేటర్ గౌరినాయుడూ,
మూత సరిగా పట్టని టీ ఫ్లాస్కూ.

వెంట్రుకలో వెయ్యో వంతు మందం ఉక్కు రేకు.
దాని మీదికి క్రిప్టాన్ అయాన్లు వదిలాం.
మొదటి నిమిషం ఏమీ లేదు.
తర్వాత ఒక నల్ల చుక్క.
రెప్ప వేసేలోగా పక్కన ఇంకోటి,
ఆపైన మూకుడంతా చిట్లిన ఆవాలు.
రియాక్టరు గోడ ఏళ్లకేళ్లు తినే దెబ్బలు
ఇక్కడ తెల్లారేలోగా.
"పదిహేడు, రాసుకోండి మేడమ్"
ఆవలింత మధ్యలో గౌరినాయుడు.

వీడియో మా నాన్నకి చూపించాను.
షిప్‌యార్డులో ముప్పై ఒక్క ఏళ్లు
పలకని సుత్తితో తట్టి, చెవి ఒగ్గి
పగులెక్కడుందో చెప్పిన మనిషి.
"ఏటివి, సీమలా?"
కాదు నాన్నా, అణువులు చోటు తప్పిన చోట్లు.
ఇప్పుడు వేడి పెంచుతాం, చూడు.
అదిగో ఆ మచ్చ,
జరిగి జరిగి, కాసేపు ఆగి,
రెండు స్ఫటికాల నడిమి గట్టులో
ఇంకిపోయింది.

వెనక్కి తిప్పించుకుని మళ్లీ చూశాడు.
"లోపల ఇంత గొడవైతంటే
నాకు మోతొక్కటే ఇనబడీదే."

ఫోను చెవికి ఆనించుకున్నాడు.
దానికి సౌండు లేదు నాన్నా, అన్నాను.
అయినా తియ్యలేదు.