రెండో గేరు

డిపోలో మెడికల్ రోజు
నర్సు షంషాద్ నా చేతికి పట్టీ చుట్టింది.
ఉబ్బింది, పిండింది, బుస్సుమని వదిలింది.
మళ్ళా చుట్టింది.
ఆ చేతికి వదిలి ఈ చేతికి చుట్టింది.
"ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోన్నా" అనింది.
మాట్లాడకుండా కూర్చుంటే
చెవుల్లో ఎవరో తలుపు కొడతా ఉండారు.

నూట డెబ్బై రెండు. కింద నూట నాలుగు.

తలనొప్పి లేదే, కళ్ళు తిరగలేదే,
రాత్రి గూడా మూడు ట్రిప్పులు దించినానే అన్నా.
"దీని గుణమే అది.
హారన్ కొట్టకుండా ఎదురొస్తుంది."

పదైదు దినాలు స్టీరింగు లేదు.
పంతొమ్మిదేండ్లు ఘాటు రోడ్డులో
గోడకు గీత పడకుండా తిప్పిన చెంగల్రాయులు
గ్యారేజీలో టైర్లు లెక్కబెడతా ఉండాడు.

ఊర్లో అందరూ డాక్టర్లే.
వెల్లుల్లి మింగమన్నాడు కండక్టరు దొరస్వామి.
మునగాకు రసం తాగమనింది పక్కింటి అక్క.
టీకొట్టు కాడ ఎవరో, పేరు గూడా తెలీదు,
"మాత్ర మొదలుపెడితే చచ్చేదాకా వదల్దు" అన్నాడు.
ఆ మాట పట్టుకున్నా.
నచ్చిన మాట గదా.
నాలుగు దినాలు మాత్రలు
బీడీకట్ట పక్కన, చొక్కా జేబులోనే తిరిగినాయి.

డాక్టరమ్మ తిట్టలేదు.
"కొండ దిగేటప్పుడు బండి ఎట్లా దించుతావు?" అనడిగింది.
నన్నా అడిగేది ఆ మాట!
రెండో గేరులో దించాలమ్మా.
బ్రేకు మీదే కాలు పెట్టుకోని వస్తే
డ్రమ్ము కాగిపోతుంది, సగం కొండకే కమురు వాసన,
ఆమీట ఎంత తొక్కినా నిలబడదు.
"సరే, గేరుంది గదా అని బ్రేకు పీకేసి దించుతావా?"

నేను గోడమీది క్యాలెండరు చూసినా.
ఆమె చీటీలో మాత్ర పేరు రాసింది.
దాని కింద ఉప్పు అని రాసి
రెండు గీతలు గీసింది.

వల్లెమ్మ ఉప్పుజాడీ అటక మీదికెక్కించింది.
మొదటి దినం ఊరిబిండి నోట్లో పెడితే మన్ను.
సంగటి ముద్ద తట్టలోకి విసిరికొట్టినా.
రెండు దినాలు ఆమె నాతో పలకలేదు.
మూడోనాడు చూస్తే
ఆమె తట్టలో గూడా అదే ఊరిబిండి,
చింతపండు రవ్వంత ఎక్కువేసి, ఎండుమిరప కాల్చి నూరింది.
ఉప్పు మానాల్సిన పని ఆమెకు లేదు.
ఆ సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.
నెల తిరిగినాక దొరస్వామి క్యారేజీలో
మామిడికాయ బద్ద ఒకటి నాలిక్కి తగిలితే
సముద్రం మింగినట్టయింది.

తెల్లవారుజామున నడక,
అలిపిరి నుంచి కపిలతీర్థం దాకా.
తెలిసినోళ్ళు హారన్ కొట్టి నవ్వతా పోతారు.
నవ్వనీ.
పంతొమ్మిదేండ్లకు మొదటిసారి
నా బండి గొంతు బయట్నుంచి విన్నా.
ఇంతగా మొత్తుకుంటుందా అది?
లోపల కూర్చున్నోడికి తెలీదు.

డబల్ డ్యూటీకి సంతకాలు పెట్టిందీ
పట్టీ చుట్టించుకున్నదీ ఒకే చెయ్యి.
ఆ చెయ్యి ఈ నెల ఒక్క సంతకమే పెట్టింది.
బీడీ మాత్రం,
అబద్ధమెందుకు, రెండుసార్లు తప్పినా.

పదైదు దినాలన్నది రెండు నెలలైంది.
నూట ముప్పై ఎనిమిది. కింద ఎనభై ఆరు.
శభాష్ అంటుందేమో అని చూసినా.
"మాత్ర ఆపొద్దు. నేను చెప్పేదాకా"
అనేసి పక్కనోడి చేతికి పట్టీ చుట్టింది డాక్టరమ్మ.

ఈ రాత్రి మళ్ళా నా సీట్లో నేను.
వెనకాల నలభైమంది,
గంధం పూసిన గుండ్లు ఒకదాని మీదికొకటి ఒరిగి
నోర్లు తెరుచుకోని నిద్రపోతా ఉండాయి.
వీళ్ళల్లో ఒక్కరికీ నా నంబరు తెలీదు.
మలుపు వస్తా ఉంది.
గేరు మార్చినా.
ఎంజిను ఒకసారి గట్టిగా మూలిగి
మెల్లిగా, దిగతా ఉంది.