జిగురు

ఏడింటికి మైనపు దిమ్మని మంచు పలక మీద పెడతాను.
మూడు మైక్రాన్ల కోత.
ఉల్లిపొర దీని ముందు దుప్పటి.
బ్లేడు అంచున ముడుచుకున్న పొరని కుంచెతో
గోరువెచ్చని నీళ్ళ మీదకి దించితే
తనంతట తనే విప్పుకుంటుంది.

స్లైడుకి పేరుండదు. 4417.
కానీ కోర్మె నుంచి బస్సులో వచ్చే ఎలాదియా
పోయినసారి నా చేతిలో ఒక తడి సంచి పెట్టింది,
నిండా పెర్సెబెస్, ఇంకా ఉప్పు కారుతూ.
"ఒక్క పొంగు చాలు. ఎక్కువ ఉడికిస్తే పాపం" అంది.
అందుకని 4417 ఎవరో నాకు తెలుసు.
తెలియకూడదు. తెలుసు.

మొదటిది రొమ్ముది, రెండేళ్ళ నాటిది.
ప్రతి కణం చుట్టూ గోధుమరంగు గీత,
పక్కింటి గోడే తన గోడైన వీధిలాగా.
ఆ గీతే జిగురు.
గడ్డ అంచుకి వచ్చేసరికి గీత పలచబడి
అక్కడక్కడ తెగి
చివరి వరసలో కణాలు కదుళ్ళలా సాగి ఉన్నాయి,
ఇల్లు తాళం కూడా వేయకుండా బయల్దేరినట్టు.

మొక్కై వంగనిది మానై వంగదంటారు.
ఇది మానయ్యాక వంగింది.
పిండంలో ఎప్పుడో తన ముందుతరాలు నడిచిన నడకని
మరిచిపోలేదు, మడిచి దాచుకుంది.
అందుకోసం కొత్తగా ఒక్క అక్షరమూ దిద్దుకోలేదు,
వేరే పేజీ తెరిచిందంతే.

నన్ను ఎక్కువ భయపెట్టేవి అవి కూడా కావు.
మధ్యలోవి.
సగం గీత ఉంచుకుని సగం కదురైనవి,
కూర్చుని, లేచి, జారి, ఆగి,
వాక్యం ముగించని అసమాపక క్రియలు.
ఇదీ అని పేరు పెట్టేలోపు ఇంకొకటి.

ఎర్రమందు ఎక్కించారు ఆర్నెల్లు.
తొందరగా చీలేవాటిని అది వెతికి పట్టుకుంది.
పని మానేసి పడుకున్నవాటి గుమ్మం ముందునుంచి
వెళ్ళిపోయింది.

ఇవాళ్టిది తుంటి ఎముకది.
కదుళ్ళు కనిపిస్తాయనుకున్నాను.
లేవు.
గోధుమ గీత, చక్కగా, తెగకుండా,
మళ్ళీ వీధి, మళ్ళీ ఉమ్మడి గోడలు,
ఎక్కడికీ వెళ్ళనివాళ్ళ మొహం పెట్టుకుని.

డాక్టర్ బ్రాయిస్ ఆమెకి కాగితం మీద గీసి చెప్పాడు.
రెండు గళ్ళు, మధ్యలో బాణం.
తర్వాత వెనక్కి ఒక బాణం.
తర్వాత మూడో గడి, నాలుగో గడి,
బాణాల మీద బాణాలు, చివరికి పెన్ను మూత పెట్టేశాడు.
ఎలాదియా కాగితాన్ని తనవైపు తిప్పుకుంది.
రాయి గీసుకుపోయిన వేళ్ళు, గోళ్ళు పొట్టివి.

"పెర్సెబె పిల్లప్పుడు ఈదుతుంది, తెలుసా నీకు?
నీళ్ళన్నీ దానివే.
ఒకరోజు రాయి వాసన పడితే
తల ఆనించి జిగురు కక్కుతుంది, ఇక అంతే,
తలకిందులుగా నిలబడి కాళ్ళతో తింటుంది చచ్చేదాకా.
నలభై ఏళ్ళు దాన్ని ఊడబెరికి బతికాను.
ఒక్కటైనా తనంతట తాను వదిలి
మళ్ళీ ఈదడం చూళ్ళేదు."
కాసేపు ఆగింది.
"నాలో ఉన్నది దానికన్నా తెలివైనది."

నవ్విందనుకుంటాను. తిట్టిందేమో కూడా.

బ్రాయిస్ కొత్త మందు గురించి చెప్పాడు,
చంపేది కాదు, కూర్చున్నదాన్ని
లేవనివ్వకుండా ఉంచేందుకు ఒక ప్రయత్నం.
ఎంతకాలం అని అడగలేదు ఆమె.
సముద్రానికి వీపు చూపించకపోవడం
నేర్చుకున్న మనిషి.
తేదీ అడిగింది.
పద్నాలుగు, గురువారం.

చొక్కా జేబులోంచి ఆటుపోట్ల పుస్తకం తీసి,
చూపుడువేలు తడి చేసుకుని
పేజీ వెతికింది.
"అమావాస్య. నీళ్ళు బాగా వెనక్కి పోతాయి ఆ రోజు.
రాతి అడుగు దాకా దిగొచ్చు.
రాలేను."

గదిలో ఎవరూ మాట్లాడలేదు.
కిటికీ అవతల ట్రక్కు ఒకటి వెనక్కి వస్తూ కూస్తోంది.

పద్నాలుగు కొట్టేసి
పదిహేను రాశాను.