నీటి బరువు

ఇరవై ఏడు వారాలకే వచ్చేశాడు,
తొమ్మిది వందల ఇరవై గ్రాములు.
పేరు పెట్టలేదు. నెర్గుయ్ అని రాసుకోమంది నాయనమ్మ.
పేరులేనివాడని దానర్థం.
దయ్యాలు వెతుక్కుంటూ వస్తే
పిలవడానికి వాటికేమీ దొరకకూడదట.
కంప్యూటరు మాత్రం ఖాళీ గడిని ఒప్పుకోదు.
ఆ లేనితనాన్నే పేరని కొట్టాను.

ఉలాన్‌బాతర్‌లో జనవరి.
కిటికీ అవతల బొగ్గు పొగ, మైనస్ ముప్పై రెండు.
ఇవతల గాజు పెట్టెలో అరువు తెచ్చిన కడుపు వెచ్చన.

వాడి కంటి వెనక నెత్తుటి దారులు సగమే పడ్డాయి.
తల్లి చీకట్లో నింపాదిగా
అంచు దాకా పాకాల్సినవి
ఈ వెలుగులో, ఈ గొట్టపు గాలిలో
ఎక్కడివక్కడ ఆగిపోయాయి.
మళ్లీ మెల్లగా కదిలితే భయం లేదు.
ఆకలితో ఒక్కసారిగా ఎగబడితేనే,
చెమ్మగోడ మీది కాగితంలా
చూపు ఊడి వస్తుంది.

ఎవరి కంట్లో ఎగబడతాయో ముందే చెప్పే లెక్క ఒకటుంది మా దగ్గర.
పుట్టిన వారం, పుట్టిన బరువు,
ఆపైన వారం వారం తూకం.
పెరిగేవాడికి గండం తక్కువ, పెరగనివాడికి ఎక్కువ.
ఇంత చిన్న మాటకి అంత గణితం దేనికో
నాకూ పూర్తిగా తెలియదు.

ఐదో వారం నెర్గుయ్ గీత నిటారుగా లేచింది.
నర్సు సెవ్‌జిద్ నాకు టీ పోసి మరీ చూపించింది.
తెర మీద పచ్చరంగు: నూటికి ఆరు.
ఈ అంతస్తులో పసికళ్లు చూసేది నేనొక్కదాన్నే,
చూడాల్సిన కళ్లు నలభై.
జాబితాలో వాణ్ణి కిందికి జరిపాను.
సంతోషంగానే జరిపాను, దాచను.

ఖండ్‌సూరెన్ అర్ఖంగాయ్ నుంచి లారీలో వచ్చింది.
మోచేతుల దాకా కడుక్కోమంటే
రెండుసార్లు కడుక్కుంది.
పెట్టె కన్నంలోంచి చెయ్యి దూర్చి
వాడి పాదం మీద చిటికెనవేలు ఆనించి తీసింది.
గుంట పడింది.
పూడలేదు.

"ఇది పెరగడం కాదు తల్లీ, నానడం" అంది.
"చలి తిరగకముందే ఈనిన గొర్రెకి
ఇట్లాంటి పిల్లలే పుడతాయి.
ఎత్తితే బరువు, పొదుగు దగ్గరికి లేవవు.
మా ఆయన పెళ్లయిన కొత్తలో
వాటినే మంచి పిల్లలనుకునేవాడు."

గీతను చూశాను. గుంటను చూశాను.
లెక్క అబద్ధమాడలేదు.
ఎంత తూగాడని అడిగాం, చెప్పింది.
ఆ తూకంలో వాడెంత, నీరెంత
అని అడిగామా?

ఆ మధ్యాహ్నమే చుక్కలు వేశాం.
నాలుక మీద పంచదార నీళ్లు,
రెప్పల మధ్య సన్నటి తీగ.
వాడు ఏడ్చాడు. గొంతులో గొట్టం,
ఏడుపు మొహంలోనే ఉండిపోయింది.
అద్దంలో నారింజ రంగు మైదానం,
సగం దూరంలో తెల్లటి గట్టు,
గట్టు మీద మెలికలు తిరిగి
పైకి లేస్తున్న ఎర్రటి తీగలు.
ఆ అవతల ఏమీ లేదు.
వచ్చే వారం దాకా ఆగివుంటే
ఈ వాక్యం ఎట్లా ముగిసేదో నాకు తెలుసు.

లేజర్‌తో రెండు కళ్లకీ కలిపి
తెల్లవారుజాము దాకా పట్టింది.
మా నడుములు పట్టేశాయి.

ఇప్పుడు తూకం మిషను పక్కన
సెవ్‌జిద్ చేతిరాతతో ఒక చీటీ అంటించి ఉంది:
'పాదం నొక్కి చూశారా?'
ఆ ప్రశ్నకి కంప్యూటర్లో గడి లేదు. రాసి పంపాం.

రెండు రోజులకి మందు పనిచేసి నీరు దిగింది.
నూట పది గ్రాములు తగ్గాడు.
అప్పుడు తెర ఎర్రబడి
గండం ఉందని మమ్మల్ని హెచ్చరించింది.
సెవ్‌జిద్ నవ్వాపుకోలేక బయటికెళ్లింది.

చూస్తాడా అని ఖండ్‌సూరెన్ అడగలేదు.
నూటికి ఎంతో నేనూ చెప్పలేదు.
గడ్డి మొలిచాక పేరు పెడతామని మాత్రం అంది,
వాడికి వినబడకుండా.