తొమ్మిదో పేరు

రాత్రి రెండుంబావు.
కురెసారె పురపాలక కార్యాలయం నేలమాళిగలో
తాయ్‌మి ఇంకా కోటు విప్పలేదు.
యంత్రాలకు చలి కావాలి, మనిషికి కాఫీ కావాలి.
రెండూ ఉన్నాయి. కాఫీ కూడా చలిలో కలిసిపోయింది.

నల్లటి తెర, ఒక ప్రాంప్టు.
టార్గెట్‌సిఎల్ఐ తెరిచి ఎల్ఎస్ కొడితే
కొమ్మలు కొమ్మలుగా విచ్చుకుంటుంది ఆ కాపురమంతా:
పైన డిస్కులు, వాటి కింద గుమ్మాలు,
ఒక్కో గుమ్మానికీ ఎవరు రావచ్చో
రాసి అంటించిన చీటీ.

పేర్లు మహా పొడుగు.
ముందు ఏడూ నెలా, ఆపైన తిరగేసిన చిరునామా,
అసలు పేరు అన్నిటికన్నా చివర.
మన ఇంటిపేర్ల లెక్కే అనుకోండి,
మనిషి దొరకాలంటే చివరిదాకా చదవాలి.
తాయ్‌మికి మన లెక్కలు తెలీవు,
ఆమె కన్ను తిన్నగా చివరి ముక్క మీదే వాలుతుంది:
పన్నులు. బడిపిల్లలు. నీటి మీటర్లు. శ్మశానాల పటాలు.

ఎనిమిదింటిని కొత్త పెట్టెలోకి మార్చింది.
అన్నిటికీ అదే తంతు:
అటువైపు యంత్రాన్ని లాగౌట్ చేయించి,
ఒక్క బిట్టూ పొల్లుపోకుండా నకలు తీసి,
పాత పేరుకే కొత్త గుమ్మం కట్టి,
లున్ సున్నా అని మొదటి అర చూపించి,
పోర్టు మూడువేల రెండొందల అరవై తెరిచి
మళ్ళీ లోపలికి పిలవడం.
బియ్యంలో రాళ్ళేరడం లాంటి పని,
తలెత్తితే ఒకటి పంటికింద పడుతుంది.

తొమ్మిదోది మిగిలింది.
చివరి ముక్క: వంబోలా.
డిస్కు ఒకే ఒక్క గిగాబైటు. పాస్‌వర్డ్ లేదు.
జాబితాలో లేదు, ఒప్పందాల్లో లేదు, ఏ బిల్లులోనూ లేదు.
ఎవరిదో తెలియనిది తీసేయాలని నియమం.
డిలీట్ అని కొట్టింది, పేరు అతికించింది.
ఎంటర్ మీద వేలు ఆగింది.
దయతో కాదు.
పోయినేడు ఇలాగే
పశువైద్యుడి రికార్డులు ఎగరగొట్టి
మూడు వారాలు మాటలు పడింది.

చెరిపేసి, సెషన్లు అడిగింది.
ఒకటి ఉంది. లాగిన్ అయి ఉంది.
ఎవరో అవతల గడప పట్టుకుని నిలబడే ఉన్నారు.

రిటైరైన వంబోలాకు నిద్ర పట్టదని ఊరంతా తెలుసు.
మొదటి రింగుకే ఎత్తాడు.
"పాస్‌వర్డా? ఆ రోజు శుక్రవారం అమ్మాయ్.
సోమవారం పెడదామనుకున్నా."
కాసేపు దగ్గి, చెప్పాడు:
"త్రీగి రేవులో మంచు కొలిచే పెట్టె అది.
రోజూ ఏడింటికి మందం పంపుతుంది.
ఇరవై రెండు సెంటీమీటర్లు దాటితే
సముద్రం మీద రోడ్డు తెరిచేవాళ్ళం, హీయుమా దాకా.
ఆ రోడ్డు మీద సీటు బెల్టు పెట్టుకోకూడదు, తెలుసా?
పగిలితే దూకాలిగా."

ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి
నకలును చదవడానికి మాత్రమే మౌంట్ చేసింది.
ఒకే ఫైలు. వరసగా అంకెలు.
మొదటి ఫిబ్రవరి: 46, 48, 51.
కిందికి జరుపుతూ పోతే 24.
ఇంకా కిందికి 19, 6, 6, 3.
ఆ తర్వాత పేజీ డౌన్ మీట నొక్కి పట్టుకుంది,
తెర కదులుతున్నట్టే లేదు.

"ఈ ఏడు ఎంతుంది?" అడిగాడు వంబోలా.
"ఇంకా ఏడు కాలేదు కదా" అంది.

తొమ్మిదో గుమ్మం కూడా కట్టింది.
పాత పేరే ఉంచింది.
పదహారు అక్షరాల పాస్‌వర్డ్ పెట్టింది, ముసలాయన పరువు కోసం.
సేవ్‌కాన్ఫిగ్ కొట్టింది.
అది మరిస్తే ఇంత పనీ నీటి మీద రాతే,
ఒక్క రీబూటుకు ఆనవాలుండదు.
రేవులోని పెట్టె కాసేపు తడబడి
కొత్త గడప తొక్కింది. లాగిన్ అయింది.

ఏడయ్యేదాకా ఎందుకు కూర్చుందో
ఓవర్‌టైం కాగితంలో రాయలేదు.
ఏడింటికి ఒక వరస పెరిగింది ఫైల్లో.
లున్ సున్నాలో ఇంకో సున్నా.

తాళం వేసి మెట్లెక్కింది.
బయట ఫిబ్రవరి, వాన.
గొడుగు నేలమాళిగలోనే మరిచిపోయింది.