రెసిడెంట్

అమీర్‌పేట. మైత్రీవనం వెనక సందు.
తెర మీద మెమరీ అంకెలు చూసి నేను బిత్తరపోతే
నస్రీన్ మేడమ్ అడిగింది: "మీ హాస్టల్లో ఎందరు?"

రిజిస్టర్లో నూటపది పేర్లు. అది వర్చువల్.
రాత్రి నిజంగా మంచమెక్కేది నలభై మంది. అది రెసిడెంట్.
గీజరు ఒక్కటే, అందరి లెక్కలోనూ పడుతుంది. షేర్డ్.
అటకెక్కిన ట్రంకుపెట్టెలు స్వాప్;
దొరుకుతాయి, నిచ్చెన కోసం తిరగాలి.

"మరి విండో మేనేజర్?"
మా వార్డెన్ మొగులయ్య.
మంచాలు అంచుకంచు జరిపితే టైలింగ్.
పరీక్షలప్పుడు చాప మీద చాప, ఫ్లోటింగ్:
ఎవరి కల మీద ఎవరి కాలో.

లీక్ గురించి మేడమ్ చెప్పలేదు.
పదిహేడో మంచానికి, చుట్టిన పరుపుతో సహా,
భూక్యా వీరన్న వేసిన గొలుసు, తాళం.
వెళ్ళి ఎనిమిది నెలలు. తాళంచెవి ఎక్కడో పోయిందట.
మొగులయ్య పగలగొట్టడు.
"వస్తడు తియ్," అంటడు.